గుండ్రటివన్నీ ఒకే గడిలో

డబ్బా మూత మీద రాసిన టైముకీ గోడగడియారానికీ మధ్య ఇరవై రెండు నిమిషాల తేడా ఉంది. ఇంకో ఎనిమిది నిమిషాలు ఆగాలి. టిక్కు బాబాయ్ ఆ చిన్న ప్లాస్టిక్ డబ్బాని వెచ్చటి పెట్టెలోంచి తీసి, కిటికీ వెలుగుకి పట్టి, మెల్లగా ఒక పక్కకి వంచి చూసి, మళ్ళీ లోపల పెట్టేశాడు. ఇంకా జిగురు విడలేదు. వీర్యం బయటికొచ్చిన కొత్తలో ముద్దగా ఉంటుంది. ఒంటివేడిలో అరగంట ఉంచితే తనంతట తానే పల్చబడుతుంది. అంతకుముందే తొందరపడి చుక్క తీస్తే లెక్క తప్పుతుంది. ముప్పయ్యేళ్ళ ఉద్యోగంలో ఆయన ఎవరినీ పల్లెత్తు మాట అన్నవాడు కాదు గానీ, ఈ అరగంటని పాతిక నిమిషాలు చేయబోయిన వాళ్ళ మీద మాత్రం కళ్ళెర్రజేసేవాడు.

ఆయనకి యాభై ఎనిమిదేళ్ళు. సన్నటి మనిషి, వంగిన మెడ, నుదుటి మీదికి నెట్టుకున్న కళ్ళజోడు. కుడిచేతి బొటనవేలి మీద కాయ కాసి ఉంటుంది. ముప్పయ్యేళ్ళుగా ఆ వేలికి ఒకటే పని, అరచేతిలో ఇమిడే స్టీలు లెక్కమరని నొక్కడం. ఒక కణం కనిపిస్తే ఒక నొక్కు, ఒక నొక్కుకి ఒక 'టిక్కు'. మరకి చిన్న అద్దపు కిటికీ, అందులో నాలుగు అంకెలు. పక్కనున్న బుడిపె తిప్పితే నాలుగూ సున్నాలైపోతాయి. అది ల్యాబు వాళ్ళిచ్చింది కాదు, చేరిన నెలలో ఆయన సొంతంగా కొనుక్కున్నది. రోజూ సాయంత్రం సున్నాలు చేసి, గుడ్డతో తుడిచి, మైక్రోస్కోపు పక్కన పెట్టి ఇంటికి బయల్దేరతాడు. ఆ చప్పుడు మూలానే ఊడ్చే ఆవిడ దగ్గర్నుంచి పైనున్న డాక్టరమ్మ దాకా అందరికీ ఆయన టిక్కు బాబాయ్ అయ్యాడు. అమ్మానాన్నా పెట్టిన పేరుతో ఆఖరిసారి ఎవరు పిలిచారో ఆయనకే గుర్తులేదు.

ల్యాబు రెండో అంతస్తులో ఉంది. రెండే గదులు. ఒక దాంట్లో మైక్రోస్కోపులు, సింకు, బ్లీచింగు నీళ్ళ బకెట్టు. రెండో దాంట్లో ఒక కుర్చీ, ఒక కుళాయి, కొంచెం పైకెత్తితే తప్ప పడని గడియ. పెళ్ళై పిల్లలు లేని మగవాళ్ళు డబ్బా పట్టుకుని ఆ గదిలోకి వెళ్తారు. బయటికొచ్చేటప్పుడు మాత్రం సగం ప్రశ్నలు వదిలేసి పరీక్ష హాల్లోంచి వచ్చిన పిల్లల్లా వస్తారు. ఒక్కడూ కళ్ళలోకి చూడడు. వాళ్ళు నింపే కాగితంలో ఒక ప్రశ్న ఉంది, 'నమూనాలో కొంతైనా ఒలికిందా?' అని. ముప్పయ్యేళ్ళలో 'ఒలికింది' అని రాసినవాళ్ళు పదిమంది ఉంటారేమో. మిగిలిన వేలమంది చేతులు అంత నిలకడైనవా అంటే, ఆ కాగితం వణుకుతూ అందించే తీరు చూస్తే నమ్మబుద్ధి కాదు. బాబాయ్ ఎవర్నీ నిలదీసేవాడు కాదు. డబ్బా అంచున తడి చూసి తనే పెన్సిలుతో 'కొంచెం' అని రాసుకునేవాడు.

అరగంట నిండింది. ఆయన చుక్క తీసి, గళ్ళు గీసిన లెక్క అద్దం మీద వేసి, కళ్ళజోడు కిందికి దించి వంగాడు. తోకాడిస్తూ ఉరికేవి, ఉన్నచోటనే గింగిరాలు తిరిగేవి, అసలు కదలనివి, అన్నింటినీ వరసగా లెక్కపెట్టాడు. టిక్కు, టిక్కు, టిక్కు. తలా తోకా ఉన్నవాటి లెక్క అయ్యాక, తలా తోకా లేనివాటి లెక్క మొదలవుతుంది. అవి గుండ్రంగా, గింజల్లా, అక్కడక్కడా పడి ఉంటాయి. వాటికి రిపోర్టు కాగితంలో ఒకటే గడి ఉంది. అందులో 'చీము కణాలు' అని అచ్చేసి ఉంటుంది.

ఆ గడి ఎవరు పెట్టారంటే, ఈ ల్యాబు తెరిచిన రోజుల్లో ఇక్కడ పనిచేసిన పెద్దాయన. బాబాయ్‌కి చెయ్యి పట్టుకుని పని నేర్పింది ఆయనే. "గుండ్రంగా కనబడిందల్లా చీము కణమే రాయి, మిగతాది డాక్టర్లు చూసుకుంటారు" అన్నాడు. బాబాయ్ రాశాడు. లోపలి గొట్టాల్లో ఎక్కడో వాపు ఉంటే చీము చేరుతుంది, చేరిన చీము వీర్యకణాలని నీరసపరుస్తుంది, మందులు వాడితే తగ్గొచ్చు. డాక్టర్లు ఆ గడిలో అంకె పెద్దగా కనిపిస్తే మూడు వారాలకి యాంటీబయాటిక్ రాసేవారు. పెద్దాయన పోయి పందొమ్మిదేళ్ళయింది. గడి మాత్రం అలాగే ఉంది.

"బాబాయ్ గారూ, ఒకటి అడగనా? తిట్టకూడదు," అంది పక్క బల్ల దగ్గర్నుంచి కొత్తమ్మాయి. నాలుగు నెలల క్రితం చేరింది. జుట్టు బిగించి ముడేసుకుని, చేతులు మోచేతుల దాకా కడుక్కుని, ఏ స్లైడునైనా రెండుసార్లు లెక్కపెట్టి రెండు అంకెలూ కలిస్తేనే తల పైకెత్తే మనిషి. ఆమె పద్ధతి చూసి బాబాయ్‌కి లోలోపల ముచ్చటేసేది. పైకి మాత్రం అనేవాడు కాదు.

"నేనెప్పుడన్నా తిట్టానా అమ్మా?"

"అరగంట విషయంలో తిట్టారు. సరేగానీ, నేను పట్టుబట్టి తెప్పించిన రంగు నిన్న వచ్చింది. మీ చేతిలో ఉన్న ఆ నమూనాలో ఒక్క చుక్కకి కలుపుదామా? చీము కణమైతే ఐదు నిమిషాల్లో గోధుమరంగుకి తిరుగుతుంది. కాకపోతే ఉన్నట్టే ఉంటుంది."

"కాకపోవడమేంటి? గుండ్రంగా ఉన్నాయిగా."

"పక్వానికి రాని వీర్యకణాలు కూడా గుండ్రంగానే ఉంటాయి కదా బాబాయ్ గారూ. తోక మొలవకముందే జారి వచ్చేసినవి."

ఆ మాట ఆయనకి పూర్తిగా కొత్తేమీ కాదు. ఎప్పుడో ఒక శిక్షణ తరగతిలో ఎవరో బోర్డు మీద బొమ్మ గీసి చెప్పారు. విన్నాడు, తలూపాడు, మర్నాడు వచ్చి మళ్ళీ అదే గడి నింపాడు. గడి ఒకటే ఉన్నప్పుడు రెండు రకాలని తెలిసి ఏం చేస్తాడు?

"కలుపు," అన్నాడు.

ఆ నమూనా ఇనుపగేట్లు చేసే వెల్డింగు పనివాడిది. బాబాయ్‌కి అతను బాగా గుర్తు. ముంజేతుల నిండా నిప్పురవ్వల మచ్చలు, వయసు ముప్పై దాటి ఉండదు. ఏడాదిన్నరలో ఇది నాలుగోసారి రావడం. మూడుసార్లూ బాబాయ్ 'చీము కణాలు: అధికం' అని రాశాడు. మూడుసార్లూ అతను మూడేసి వారాలు మాత్రలు మింగి, కడుపు పాడుచేసుకుని, వెలవెలబోయిన ముఖంతో మళ్ళీ వచ్చాడు.

ఐదు నిమిషాలయ్యాక బాబాయ్ వంగి చూశాడు. లెక్కపెట్టాడు. గుండ్రటివి నలభై ఒకటి. అందులో గోధుమరంగు తిరిగినవి మూడు. మిగిలిన ముప్పై ఎనిమిదీ తెల్లగా, చెప్పినమాట వినని పిల్లల్లా, అలాగే కూర్చున్నాయి. ఆయన కళ్ళజోడు తుడుచుకుని, బుడిపె తిప్పి సున్నాలు చేసి, మళ్ళీ మొదట్నుంచి లెక్కపెట్టాడు. నలభై ఒకటికి మూడే.

"రంగు పాతదేమో చూడమ్మా."

"నిన్ననే వచ్చింది బాబాయ్ గారూ. మొన్న కాలు పుండుతో వచ్చినాయన చీముతో సరిచూశాను, మొత్తం గోధుమరంగుకి తిరిగింది."

వెల్డింగు అతని ఒంట్లో చెప్పుకోదగ్గ చీమే లేదు. అంటే ఇవన్నీ పచ్చివి, పండకముందే రాలిపోయినవి. అలాంటప్పుడు తప్పు గొట్టాల్లో కాదు, ఇంకా లోపల, తయారయ్యే చోటే ఉంది. యాంటీబయాటిక్‌కి దాంతో ఏం పని? ఏడాదిన్నరగా అతను మింగిన మాత్రలన్నీ ఏమైనట్టు? ఆ గడిలో తను రాసిన ఒక్కో అంకె వెనకా ఇలాంటివాళ్ళు ఎంతమంది? ఆలోచన ముందుకి సాగలేదు. మనసు ముప్పయ్యేళ్ళు వెనక్కి పరిగెత్తి, ఎక్కడ ఆగాలో తెలియక తిరిగొచ్చేసింది.

గ్లాసు కిటికీ మీద ఎవరో వేలితో కొట్టారు. వెల్డింగు పనివాడే. మామూలుగా ఫలితం అడిగినవాళ్ళకి బాబాయ్ దగ్గర ఒకే జవాబు ఉంటుంది, డాక్టరమ్మ చెప్తారని. ఈ రోజు నోట్లోంచి అది రాలేదు.

"సార్, చీము తగ్గిందా?"

"చీము... లేదు," అన్నాడు బాబాయ్.

అతని ముఖం చూడాలి అప్పుడు. చటుక్కున వెలిగిపోయింది. "లేదా? అసల్లేదా?" అంటూ జేబులోంచి ఫోను లాగాడు. "ఏమే, నేను చెప్పలా? పోయిందట! చీము పూర్తిగా పోయిందట! నిజం, సారే చెప్పారు!" అంటూ మెట్ల వైపు నడుస్తూనే గొంతు పెంచాడు. బాబాయ్ కిటికీలోంచి చెయ్యి బయటికి పెట్టి, "బాబూ, ఆగు, అది కాదు," అన్నాడు. అతను వెనక్కి తిరిగి రెండు చేతులూ జోడించి దణ్ణం పెట్టి, అదే ఊపులో దిగిపోయాడు. చీము లేదన్న మాట నిజమే. ఉన్న నిజమే చెప్పాడు. ఆ నిజం మంచి కబురో చెడ్డ కబురో చెప్పే లోపల అతను వెళ్ళిపోయాడు. బాబాయ్‌కి నవ్వాలో ఏడవాలో తెలియలేదు.

మధ్యాహ్నం డాక్టరమ్మ గదికి ఇద్దరూ వెళ్ళారు. కొత్తమ్మాయి గుక్క తిప్పుకోకుండా చెప్పింది. డాక్టరమ్మ పెన్ను మూత తీస్తూ, పెడుతూ వింది.

"ఇన్నాళ్ళూ మీరు చీము కణాలని రాస్తేనే కదా బాబాయ్, నేను యాంటీబయాటిక్ రాశాను," అంది చివరికి.

"మీరు యాంటీబయాటిక్ రాస్తున్నారు కదా, అది చీమే అయ్యుంటుందనుకుని నేను రాశాను మేడమ్."

"ఫారంలో అలా ఉందనే కదా..."

"ఫారంలో వేరే గడి లేదు కదా మేడమ్."

ముగ్గురూ ఆ ఫారం వైపు చూశారు. అది మాత్రం ఎవరి వైపూ చూడకుండా ఫ్యాను గాలికి ఒక మూల రెపరెపలాడింది. డాక్టరమ్మ మంచిదే. దులపరించుకుని పోయే రకం కాదు. వెల్డింగు అతన్ని తనే పిలిపించి చెప్తానంది, వేరే పరీక్షలు రాస్తానంది, కొత్త ఫారాలు అచ్చుకి పంపిస్తానంది. "అందరి విషయంలోనూ తప్పని కాదు బాబాయ్. చాలామందికి నిజంగానే చీము ఉండి ఉంటుంది. వాళ్ళకి మందులు పనిచేసే ఉంటాయి. ఎవరెవరికన్నది మాత్రం..." అని ఆగిపోయింది.

ఎవరెవరికన్నది మాత్రం తెలియదు. బాబాయ్ కిందికొచ్చి అన్నం బాక్సు తెరవకుండా బల్ల మీద పెట్టుకుని కూర్చున్నాడు. వేలమంది సంగతి ఆయన బుర్రకి అందడం లేదు. ఒక్కడి సంగతి మాత్రం గొంతులో ముల్లులా అడ్డం పడింది. ఆ ఒక్కడు తనే.

ఇరవై ఆరేళ్ళ కిందట, పెళ్ళైన నాలుగేళ్ళకి, ఒక సెలవురోజు ఆయనే ఈ గదికొచ్చి, ఆ గడియ పైకెత్తి వేసుకుని, తన డబ్బా తనే తెచ్చుకుని, తన అరగంట తనే ఆగి, తనని తానే లెక్కపెట్టుకున్నాడు. వీర్యకణాలు తక్కువ, ఉన్నవీ నీరసం. గుండ్రటివి మాత్రం గంపెడు. అవి చూడగానే ఆయనకి భయం పోయి ధైర్యం వచ్చింది. చీమే కదా, మందులకి తగ్గేదే కదా అనుకున్నాడు. ఆ సాయంత్రమే భార్యకి చెప్పాడు. దాచలేదు, ఆమె మీదికి నెట్టలేదు. "లోపం నాలో ఉంది. కొంచెం వాపు, చీము. తగ్గిపోతుంది," అన్నాడు. ఆమె నమ్మింది.

మాత్రలు మొదలుపెట్టాడు. ఒక కోర్సయ్యాక గుండ్రటివాటి లెక్క చూస్తే కొంచెం తగ్గినట్టుండేది, ఇంకో నెలకి పెరిగేది. ఐదేళ్ళలో ఆరు కోర్సులు. ఆ మధ్యలోనే ఆమె చెల్లెలికి మూడో ఆడపిల్ల పుట్టింది. ముగ్గుర్ని సాకలేమని, అక్కా నువ్వు పెంచుకోవే అని, ఇరవై రోజుల పిల్లని చెల్లెలే తెచ్చి ఒళ్ళో పెట్టింది. బాబాయ్ ఆ రోజు ఏమన్నాడో ఆయనకి అక్షరం పొల్లుపోకుండా గుర్తుంది. "ఈ కోర్సు నెలలో అయిపోతుంది. ఆ తర్వాత చూద్దాం. మనకీ పుడితే, ఈ పిల్లకి అన్యాయం చేసినట్టవుతుంది" అన్నాడు. నెల తర్వాత చెల్లెలికి పిల్లని వదలబుద్ధి కాలేదు. అందులో ఆమె తప్పేముంది? ఆ పిల్లే ఇప్పుడు పెద్దదై, ఎప్పుడైనా వచ్చి పెద్దమ్మా అంటూ పక్కలో పడుకుని కబుర్లు చెప్పి పోతుంటుంది.

అవి నిజంగా చీము కణాలైతే ఆ నెల ఆగమనడంలో అర్థం ఉంది. అవి పచ్చి కణాలైతే, లేని జబ్బు తగ్గుతుందని చెప్పి భార్య ఒళ్ళోంచి పిల్లని తీసి వెనక్కి పంపించినట్టే. తేలాల్సింది అదొక్కటే.

కొత్తమ్మాయి చేతులు కడుక్కుని వచ్చింది. బాబాయ్ గొంతు సవరించుకున్నాడు.

"పాత స్లైడు మీద ఈ రంగు పనిచేస్తుందా అమ్మా?"

"చెయ్యదు బాబాయ్ గారూ, ఇది తాజా చుక్కకే. కానీ స్పిరిట్లో ముంచి ఆరబెట్టిన స్లైడైతే నీలిరంగు వేసి చూడొచ్చు. చీము కణం మధ్యలో గింజ రెండు మూడు ముక్కలుగా ఉంటుంది. పచ్చి కణంలో ఒకటే గుండు. బాగా పాతదైతే రంగు పట్టకపోవచ్చు. ఎవరిది?"

బాబాయ్ నీళ్ళు నమిలాడు. "తెలిసినాయనది," అన్నాడు.

ఆ అమ్మాయి నీలిరంగు సీసా తెచ్చి ఆయన ముందు పెట్టి, తన బల్ల దగ్గరికి పోయి, అటు తిరిగి కూర్చుంది.

బీరువా అట్టడుగున చెక్క స్లైడు పెట్టె ఉంది. ఆఖరి సందులో, పసుపుబారిన కాగితంలో చుట్టి, ఆ స్లైడు ఉంది. అంచు మీద పెన్సిలుతో ఒక నెంబరు రాసి ఉంది, పేరు లేదు. ఆ రోజు లెక్క అయిపోయాక చుక్కని అద్దం మీద పలచగా పులిమి, స్పిరిట్లో ముంచి, రంగు తర్వాత వేద్దామని పక్కన పెట్టాడు. గుండ్రటివన్నీ చీమే అయినప్పుడు రంగు అవసరమేముందని మానేశాడు. అలాగని బ్లీచింగు బకెట్లో పడేయబుద్ధీ కాలేదు. ప్రతి ఏడూ బీరువా సర్దేటప్పుడు చేతికి తగిలేది. ప్రతి ఏడూ మళ్ళీ అదే సందులో పెట్టేసేవాడు.

నీలిరంగులో ముంచాడు. కడిగాడు. పైన సన్నటి అద్దం పలక అతికించాడు. అతుకు ఆరేదాకా చూడకూడదు, చూస్తే పలక జరిగిపోతుంది. ఆరడానికి రాత్రంతా పడుతుంది. స్టాండులో నిలబెట్టి, లెక్కమర సున్నాలు చేసి, తుడిచి, పక్కన పెట్టాడు. తాళాల మనిషి గుత్తి గలగలలాడిస్తూ వచ్చేసరికి ఆయనకి బెంగా ఉంది, హమ్మయ్య అనీ ఉంది.

"పొద్దున మీరు చూస్తారా, నేను చూడనా?" అంది కొత్తమ్మాయి చెప్పులేసుకుంటూ.

"నేనే చూస్తాను. దాన్ని ముట్టుకోనివ్వకు ఎవర్నీ. లెక్కపెట్టి చూడాలి. నీకు చెప్పాగా, కళ్ళు కావాలనుకున్నది చూస్తాయమ్మా, వేలు ఉన్నదే నొక్కుతుంది. నొక్కనిది లెక్క కాదు."

ఇంటికొచ్చేసరికి వీధిదీపాలు ఇంకా వెలగలేదు. భార్య కిటికీ పక్కన మిషను ముందు కూర్చుని ఎవరిదో ప్యాంటు పొడవు తగ్గిస్తోంది. ఆమె పని అదే. కొలతకి రాని బట్టల్ని కొలతకి తేవడం. పెదాల మధ్య నాలుగు గుండుసూదులు పట్టుకుని ఉంది. బాక్సు బరువు చూసి, సూదుల సందులోంచే అడిగింది.

"తినలేదేంటండీ?"

ఆయన కాళ్ళు కడుక్కుని, స్టూలు లాక్కుని, ఆమెకి ఎదురుగా కూర్చున్నాడు. చెప్పాడు. వెల్డింగు అతని దగ్గర మొదలెట్టి, ఫారం మీదికి వెళ్ళి, మళ్ళీ వెనక్కొచ్చి, చివరికి స్టాండులో ఆరుతున్న స్లైడు దగ్గర ఆగాడు. ఆమె సూదులు ఒక్కొక్కటే తీసి డబ్బీలో పెట్టింది.

"అంటే ఏమంటారు? మీకు చీము లేదా?"

"ఉందో లేదో తెలియదంటున్నాను."

"లేకపోతే?"

"లేకపోతే ఆ మాత్రలకి తగ్గేది కాదు."

"ఉంటే?"

"ఉంటే తగ్గేదేమో. అదీ ఖాయం కాదు. కొంతమందికి తగ్గుతుంది, కొంతమందికి తగ్గదు."

"ఉన్నా అంతే, లేకపోయినా అంతేనా? ఏంటండీ ఈ గోల?" అంది ఆమె. నవ్వబోయింది. నవ్వు సగంలో ఆగిపోయింది. "ఇరవై ఆరేళ్ళయింది. ఇప్పుడు అది ఏ రంగుకి తిరిగితే నాకేంటి?"

మళ్ళీ ప్యాంటు అందుకుని మిషను తొక్కింది. జానెడు కుట్టు పడ్డాక ఆపేసింది.

"చూడండి. చూసి నాకు చెప్పండి," అంది, బట్ట మీంచి చూపు ఎత్తకుండానే. "మా చెల్లెలు ఆ పిల్లని నా ఒళ్ళో పెడితే, నెలాగి తీసుకుంటానని నా చేతులతో నేనే తిరిగిచ్చాను. ఎందుకు తిరిగిచ్చానో నాకు తెలియాలి కదా."

ఆయన ఆమె మోకాలి మీద చెయ్యి వేశాడు. తీసెయ్యలేదు ఆమె.

"మీకిష్టం వచ్చినట్టు ఏదో ఒకటి చెప్పేస్తే ఊరుకోను. టిక్కు టిక్కుమని నొక్కి, లెక్కపెట్టి మరీ చెప్పాలి. నొక్కనిది లెక్క కాదని పెళ్ళైన కొత్తలోనే నా చెవులు చిల్లులు పడేలా చెప్పారుగా."

"నొక్కే చెప్తాను," అన్నాడు ఆయన.

మర్నాడు పొద్దున మామూలు కంటే పది నిమిషాలు ముందే తయారయ్యాడు. గుమ్మం పక్కన స్టూలు మీద కూర్చుని బూట్లు తొడుక్కుంటున్నాడు. గొడుగు తీసుకున్నారా అని ఆమె లోపల్నుంచి అడిగింది. జవాబు రాలేదు. చేతులు తుడుచుకుంటూ వచ్చి చూసింది. ఎడమ బూటు లేసు ముడేసి ఉంది. కుడి బూటు లేసు రెండు కొసలూ వేళ్ళ మధ్య అలాగే ఉన్నాయి. తల గోడకి ఆనించి, ఎవరో చెప్పేది వింటున్నట్టు కూర్చున్నాడు. ఆమె రెండుసార్లు పిలిచింది. మూడోసారి పిలవకుండా ముక్కు దగ్గర వేలు పెట్టి చూసింది, ఊపిరి లేదు.

రెండు వారాల తర్వాత ఆమె ల్యాబుకి వచ్చింది. అన్నేళ్ళ కాపురంలో ఆ మెట్లు ఎక్కడం అదే మొదటిసారి. కొత్తమ్మాయి ఎదురొచ్చి, కుర్చీ వేసి, మంచినీళ్ళిచ్చింది. ఒక సంచీలో ఆయన ఏప్రను, స్వెట్టరు, ఖాళీ బాక్సు సర్ది ఉంచింది. బల్ల మీద కొత్త ఫారాల కట్ట ఉంది. గుండ్రటి కణాలకి ఇప్పుడు రెండు గళ్ళు.

"ఆయన ఒక స్లైడు పెట్టి వచ్చారట కదమ్మా."

"ఉందండీ. ముట్టుకోవద్దన్నారు. ఎవర్నీ ముట్టుకోనివ్వలేదు," అంది ఆ అమ్మాయి. స్టాండు మీద అంటించిన చీటీ చూపించింది. 'తీయొద్దు' అని రాసి ఉంది. "అది ఆయనదేనమ్మా, చీమే, తగ్గిపోతుందని అప్పట్లో నాకు చెప్పారు," అంది ఆమె. "చూడమంటారా?" అంది కొత్తమ్మాయి మెల్లగా.

"చూడమ్మా."

ఆ అమ్మాయి స్లైడు తీసి మైక్రోస్కోపు కింద పెట్టి వంగింది. బాబాయ్ భార్యకి యంత్రాల సంగతి తెలియదు. అందుకని ఆ అమ్మాయి చేతి వైపు చూస్తూ కూర్చుంది. లెక్కమర చేతికి రెండంగుళాల దూరంలో ఉంది. ఇంటాయన వేలు ఎప్పుడూ ఉండే చోటు నున్నగా అరిగి మెరుస్తోంది. ఒక టిక్కు కోసం ఆమె చెవులు ఎదురు చూశాయి. ఫ్యాను చప్పుడు తప్ప ఏమీ వినపడలేదు. ఆ అమ్మాయి బొటనవేలు బల్ల అంచుని గట్టిగా పట్టుకుని ఉంది. నిమిషమైనా కాకముందే తల పైకెత్తింది. ఏ స్లైడునైనా రెండుసార్లు లెక్కపెట్టే పిల్ల అని ఈయన రోజూ అన్నం దగ్గర మెచ్చుకునే మనిషి ఈమేనా అనిపించింది.

"చీము కణాలేనండీ," అంది. కళ్ళు తుడుచుకుంది. "ఆయన మీకు చెప్పింది నిజమే."

రంగు పట్టిందో లేదో, ఆ అద్దంలో ఏం కనిపించిందో, అసలేమైనా కనిపించిందో ఆమెకి తెలియదు. లెక్క మాత్రం జరగలేదని తెలుసు. కోపం తెచ్చుకోవాలో, ఆ పిల్లని దగ్గరికి తీసుకోవాలో తెలియలేదు. కూతురుంటే ఈ వయసే ఉండేదేమో, ఇలాగే అబద్ధమాడేదేమో అనిపించింది.

"సరేనమ్మా," అంది.

లేచి సంచీ అందుకుంటుంటే, "ఇది కూడా మీదేనండీ, ల్యాబుది కాదు," అంటూ ఆ అమ్మాయి లెక్కమర తెచ్చి ఆమె అరచేతిలో పెట్టి వేళ్ళు మూసింది. మెట్లు దిగాక, వీధిలో వెలుతురున్న చోట ఆగి, ఆమె గుప్పిట తెరిచి చూసింది. చిన్న అద్దపు కిటికీలో ఆయన ఆ సాయంత్రం తుడిచి పెట్టిన నాలుగు సున్నాలూ అలాగే ఉన్నాయి.